పటికబెల్లం లేని ప్రయాణం

సంచి సర్దడం అమ్మమ్మ పని. కూతురు రైళ్ళలో టికెట్లు చూసే ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఆ పని ఆవిడ ఎవరికీ వదిలిపెట్టలేదు. అడుగున దుప్పటి, దాని మీద రెండు జతల బట్టలు, ఆ పైన నలగకుండా మడతపెట్టిన యూనిఫాం కోటు, పక్కన సబ్బుపెట్టె, దువ్వెన, జ్వరం మాత్రలు. అంతా సర్ది జిప్పు లాగేది. లాగాక ఏదో మరిచిపోయినట్టు అనిపించేది. మళ్ళీ విప్పేది.

"అమ్మా, ఆ జిప్పు ఊడి చేతికొచ్చిందంటే నేను బట్టలు నెత్తిన పెట్టుకుని రైలెక్కాలి," అంది కూతురు ముందుగదిలో బూట్లకు తాళ్ళు కట్టుకుంటూ.

"దువ్వెన పెట్టానో లేదో చూస్తున్నా."

"పెట్టావు, తీశావు, మళ్ళీ పెట్టావు. నాలుగు రోజుల్లో వచ్చేదానికి ఇంత హడావుడి దేనికే?"

"నాలుగు రోజులనేది నీకు. నాకు కాదు."

ఆ మాట పొడిగిస్తే సంగతి ఎక్కడికి పోతుందో కూతురికి తెలుసు. లేచి నిలబడి, గుమ్మం దగ్గరకు వెళ్ళి, చిన్నపిల్లలా నోరు తెరిచింది. అమ్మమ్మ పై అరలో ఉన్న రేకుడబ్బా దించి, మూత తీసి, వేలెడంత పటికబెల్లం ముక్క కూతురి నోట్లో పెట్టింది. అప్పుడు గాని ఆవిడ చెయ్యి గుమ్మాన్ని వదలలేదు.

డబ్బా బల్ల మీద అలాగే ఉంచి కిటికీ దగ్గరకు పరుగెత్తింది. కూతురు మెట్లు దిగడం, కింద కుట్టుమిషను టైలరుతో ఏదో అని నవ్వడం, వీధి మలుపు తిరగడం, అన్నీ చూడాలి. మలుపు తిరిగాక కూడా ఖాళీ వీధిని కాసేపు చూడాలి. అది కూడా సంచి సర్దడంలో భాగమే ఆవిడకు.

బల్ల కింద కూర్చున్న మనవరాలు కూడా అన్నీ చూస్తూనే ఉంది. ఏడో ఏడు నడుస్తున్న ఆ పిల్లను ఇంట్లో అందరూ మిరియం అంటారు. చూడటానికి గింజంత, మాట మాత్రం ఘాటు.

పటికబెల్లం సంగతి వెనక తాతయ్య ఉన్నాడు. ఆయన నదిలో లాంచీ నడిపేవాడు. పనికి బయల్దేరినప్పుడల్లా సరదాగా ఒక ముక్క అడిగి నోట్లో వేసుకునేవాడు. ఒక వానరోజు ఆలస్యమైందని చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా దిగిపోతూ, "వచ్చాక తింటాలేవే," అన్నాడు. లాంచీ దొరికింది, మనిషి దొరకలేదు. ఆ తరువాత ఆ గడప దాటిన వాళ్ళెవరూ చప్పటి నోటితో దాటలేదు. కూతురికే కాదు, నీళ్ళ మీటరు చూసుకుని పోయే అతనికి కూడా ఆవిడ ఒక ముక్క ఇచ్చేది. అతను దీనికోసమే ఈ వీధికి రెండోసారి వస్తున్నాడని కూతురు వేళాకోళం చేసేది.

మిరియానికి మూర్ఛ వచ్చేది. ఆ మాట పిల్ల ముందు అనలేక ఇంట్లో దానికి చుట్టం అని పేరు పెట్టుకున్నారు. చెప్పాపెట్టకుండా ఊడిపడుతుంది, ఉన్నంతసేపు ఇల్లంతా దాని సేవలోనే ఉంటుంది, పోయాక అందరూ ఉసూరుమని కూలబడతారు. చుట్టం వచ్చినప్పుడు పిల్ల చూపు ఒకచోట నిలిచిపోయేది. ఎడమచెయ్యి తనది కానట్టు కొట్టుకునేది. అమ్మమ్మ ఆ పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద తన చెయ్యి పెట్టి, "వెళ్ళిపోయింది, పిల్ల వెళ్ళిపోయింది," అని గొణుక్కుంటూ కూర్చునేది. కళ్ళలోకి చూపు తిరిగి రాగానే, "వచ్చేసింది," అని బావురుమనేది.

మందులు మార్చారు, మోతాదులు పెంచారు. వాటితో చుట్టం రాకపోకలు కాస్త తగ్గాయి గాని, పిల్ల రోజంతా జోగుతూ మాటలు మరిచిపోవడం మొదలుపెట్టింది. అప్పుడు ఆసుపత్రిలో తిండి సంగతి చూసే ఆవిడ దగ్గరకు పంపారు. ఆవిడ బల్ల నిండా చెంచాలు, గిన్నెలు, చిన్న తూకపు యంత్రం. బయటికి వచ్చేసరికే మిరియం ఆవిడకు కొలతలమ్మ అని పేరు పెట్టేసింది.

"మన ఒళ్ళు అలవాటుగా తీపితో, పిండితో మండే పొయ్యి, పెద్దమ్మా," అంది కొలతలమ్మ. "అవి అందకుండా చేసి, నూనె, వెన్న, మీగడ లాంటివి పెడితే, గత్యంతరం లేక కొవ్వును మండించడం నేర్చుకుంటుంది. ఆ మంట మీద కొందరు పిల్లలకు మూర్ఛ చల్లబడుతుంది."

"ఎందుకు చల్లబడుతుందండీ?"

"కొంత తెలుసు. చాలా తెలీదు. తెలియకుండానే వాడుతున్నాం, పని చేస్తోంది కాబట్టి."

అంత చదువుకున్న మనిషి నోట ఆ మాట వినగానే అమ్మమ్మకు ఒళ్ళు జలదరించింది. ఆవిడ ఒకప్పుడు బడిపిల్లల హాస్టల్లో వంటమనిషి. వందలమందికి వండింది. ఉప్పు గుప్పిట్లో, నూనె గిన్నె వంపులో, అంతా చేతి అంచనాయే. వండి వడ్డించడంతో తన పని అయిపోయిందనుకునేది. ఆ వండినది లోపలికి వెళ్ళి ఇంకో పొయ్యికి కట్టెలవుతుందని, కట్టెలు మారిస్తే ఆ మంట తీరే మారిపోతుందని ఎన్నడూ అనుకోలేదు. తిరిగొచ్చే బస్సులో ఒళ్ళో నిద్రపోతున్న పిల్ల పొట్ట మీద చెయ్యి పెట్టి, అక్కడేదో వెలుగుతున్నట్టు, ఇల్లు చేరేదాకా తియ్యలేదు.

అలా మొదలైంది కొత్త వంట. బియ్యం, గోధుమపిండి, బంగాళాదుంపలు, పంచదార ఇంట్లోంచి వెళ్ళిపోయాయి. మిగిలింది పై అరలో పటికబెల్లం డబ్బా ఒక్కటే. దాన్ని తిండి కింద ఎవరూ లెక్కపెట్టలేదు. అది ప్రయాణానికి సంబంధించినది.

కాలీఫ్లవరును సన్నగా తురిమి, గుడ్డలో వేసి నీళ్ళు పిండి, వెన్నలో వేయించేది. పొడిపొడిగా, తెల్లగా, ఆవిరి చిమ్ముతూ వచ్చేది. మొదటిరోజు మిరియం కంచంలోకి వంగి చూసి, "అమ్మమ్మా, ఇది అన్నం వేషం వేసుకుంది," అంది. గుడ్డులో తెల్లసొన విడదీసి గిలకొడితే అది నురుగై, నురుగు మేఘమై, గిన్నె బోర్లించినా జారకుండా నిలబడేది. అందులో బాదంపొడి, వెన్న కలిపి పెనం మీద మూతపెట్టి కాలిస్తే రొట్టె అయ్యేది. పిండి అనేదే లేకుండా రొట్టె పొంగడం చూసి అమ్మమ్మ మూత పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆకుకూర మీగడలో, చేప చర్మంతో సహా కొబ్బరినూనెలో. అన్నీ తూచి. ఆ తూకపు యంత్రం మీద చీమ ఎక్కినా అంకె కదిలేటట్టుండేది. గిన్నెకు అంటుకున్న వెన్న కూడా లెక్కలోదే కాబట్టి, మిరియం రబ్బరు గరిటెతో కంచం అద్దంలా గీకి తినేది.

"పిల్లకు ముద్దలు ముద్దలు వెన్న పెడుతున్నారటగా, పిన్నిగారూ," అన్నాడు కింద టైలరు. "పిల్లను పెంచుతున్నారా, పహిల్వాన్ని తయారు చేస్తున్నారా?"

"నీ మిషనుకి నువ్వు పోసేది పంచదార పాకమా, నూనా?"

"నూనే."

"మరి నోరు మూసుకుని కుట్టుకో నాయనా."

లోపల ఏ మంట వెలుగుతోందో చూసుకోవడానికి కొలతలమ్మ రంగుకాగితాలు ఇచ్చింది. పొద్దున్నే పిల్ల పోసిన మూత్రంలో ముంచితే, కొవ్వు మండుతుంటే కాగితం వంకాయరంగుకు తిరుగుతుంది. తీపి చొరబడితే వెలవెలబోతుంది. అమ్మమ్మ ప్రతి పొద్దునా ఆ కాగితం కిటికీ వెలుతురుకు పట్టుకుని నిలబడేది. గులాబీ, ఊదా, ఆ తరువాత నిండు వంకాయరంగు. మనిషి లోపలి నిప్పు రంగు బయటి వాళ్ళకు కనబడటం ఏమిటి? ఆవిడకు అలవాటు కాలేదు. ప్రతిసారీ గుడ్లప్పగించి చూసేది.

కాగితం అలా ముదురురంగులో ఉన్నన్నాళ్ళు చుట్టం రాలేదు. మందుల మోతాదు తగ్గించారు, పిల్ల జోగడం మానేసింది. మరిచిపోయిన మాటలు ఒకటొకటే తిరిగొచ్చాయి, కొన్ని మునుపటికంటే ఘాటుగా.

కాని కూతురు డ్యూటీకి వెళ్ళిన మర్నాటి నుంచి కాగితం వెలవెలబోయేది. రెండుమూడు రోజులు అలాగే ఉండేది. ఆ రోజుల్లోనే చుట్టం వచ్చేది. కూతురు తిరిగొచ్చేసరికి రంగు మళ్ళీ చిక్కబడేది. ఒకసారి కాదు, వెళ్ళిన ప్రతిసారీ అంతే. అమ్మమ్మ తూకాలు మళ్ళీ మళ్ళీ చూసుకుంది. బాదంపొడి మార్చింది. వెన్న కొట్టు మార్చింది. ఏమీ మారలేదు.

"బెంగ," అని తేల్చింది చివరికి. "నీ మీద బెంగే, తల్లీ. పిల్ల పైకి చెప్పదు, లోపల నలుగుతుంది. నువ్వు గడప దాటగానే ఆ మంట ఆరిపోతోంది."

ఆ ఇంట్లో బెంగ అన్నాక ఇంకెవరూ ఇంకో కారణం వెతకరు. వెళ్ళిపోవడాలతో తల్లడిల్లిన ఇల్లు అది. కూతురు కూడా నమ్మేసింది. కొలతలమ్మ మాత్రం అయోమయంగా చూసి, "ఈ నెల కూడా ఇలాగే ఉంటే ఈ తిండి ఆపేద్దాం. ఫలితం లేకుండా పిల్లను కష్టపెట్టకూడదు. మళ్ళీ ఆ పెద్ద మందులే," అంది.

అంటే మళ్ళీ ఆ జోగడం, ఆ మాటలు మరిచిపోవడం. కూతురు ఆ మాటతో నిర్ణయించుకుంది, ఇదే ఆఖరు డ్యూటీ అని. తిరిగొచ్చాక ఉద్యోగం మానేస్తుంది. ఇల్లు ఎలా గడుస్తుందో తరువాత చూసుకోవచ్చు. ఇవాళ అమ్మమ్మ సర్దిన సంచి ఆ ఆఖరు డ్యూటీకే.

కూతురు వెళ్ళిన మర్నాడు కాగితం వెలవెలబోయింది. ఆ పై రోజూ అంతే. వానలు అప్పుడే మొదలయ్యాయి. గురువారం పొద్దున మిరియం పళ్ళు తోముకుంటూ ఉండగా బ్రష్షు చేతిలోంచి జారింది.

చుట్టం ఎంతోసేపు ఉండలేదు. పోయాక పిల్లను మంచం మీద పడుకోబెట్టి దుప్పటి కప్పి, అమ్మమ్మ నేల మీదే చతికిలపడింది. అలా కింద కూర్చుంది కాబట్టే కనిపించాయి చీమలు.

గోడ అంచు వెంబడే బారు తీరి పోతున్నాయి. ఈ ఇంట్లో చీమలకేం పని? తీపి వెళ్ళిపోయిన నెలలోనే అవీ వెళ్ళిపోయాయి. డబ్బా వైపు పోతున్నాయేమోనని చూసింది. కాదు. వంటింటి గుమ్మం దగ్గర మొదలై, మంచం కాళ్ళ పక్కగా వెళ్ళి, మంచం కిందకు దూరుతున్నాయి.

అమ్మమ్మ వంగి చెయ్యి చాపింది. చేతికి తగిలింది పిల్ల పాత బడిసంచి. అడుగున దుప్పటిలా మడతపెట్టిన తువ్వాలు. దాని మీద ఒక గౌను, నలగకుండా, చేతులు లోపలికి మడిచి. పక్కన అరిగిపోయిన సబ్బుముక్క, బొమ్మ దువ్వెన, మాత్రలు అయిపోయిన ఖాళీ రేకు. అచ్చు తాను సర్దినట్టే. అన్నిటికంటే పైన ముడివేసిన రుమాలు. ముడి మీదే చీమలు. విప్పితే లోపల పటికబెల్లం ముక్కలు, చిన్న చిన్నవి ఏరుకున్నవి.

కోపం వస్తుందనుకుంది అమ్మమ్మ, రాలేదు. ఎవరూ తెలియని ఊరి వాకిట్లో నిలబడినట్టు ఆ సంచి ముందు కూర్చుండిపోయింది.

మిరియం కళ్ళు తెరిచేసరికి సంచి అమ్మమ్మ ఒళ్ళో ఉంది.

"ఎక్కడికే ఈ ప్రయాణం?"

"అక్కడికే."

"అక్కడికంటే?"

"చుట్టం వచ్చినప్పుడు నేను వెళ్తానుగా."

"ఎవరు చెప్పారు నువ్వు వెళ్తావని?"

"నువ్వే. పిల్ల వెళ్ళిపోయింది, వెళ్ళిపోయింది అంటావు. తర్వాత వచ్చేసింది అని ఏడుస్తావు."

అమ్మమ్మ రుమాలు ముందుకు చాపింది. "మరి ఈ పటికబెల్లం?"

"తినకుండా వెళ్తే తాతయ్యలాగా అయిపోతాగా," అంది మిరియం, ఇంత పెద్దదానివి ఇది కూడా తెలీదా అన్నట్టు. "చుట్టం ఎప్పుడొస్తుందో చెప్పి రాదు. అందుకని రోజూ పొద్దున్నే ఒకటి తింటా. చిన్నదే, అమ్మమ్మా. నువ్వు కిటికీ దగ్గర ఉన్నప్పుడు తీసుకుంటా. ఎప్పుడూ వచ్చేశానుగా నేను?"

"వచ్చేశావు, తల్లీ."

"చూశావా."

బయట వాన పెద్దదైంది. కింద మిషను చప్పుడు ఆగి, మళ్ళీ మొదలైంది. బెంగ ఆ పిల్లది కాదు, తనది. తన బెంగను ఈ గింజంత పిల్ల చూసి, నేర్చుకుని, తాను చేసినట్టే మడతపెట్టి మంచం కింద దాచుకుంది. మూర్ఛ అనే అంత చీకటిలోకి ప్రతిసారీ ఒంటరిగా వెళుతూ, దువ్వెనతో సహా సర్దుకుని, తిరిగి రావడానికి దారి కూడా తనే చూసుకుంది. ఒక్కరికీ చెప్పలేదు. అమ్మమ్మ తన బతుకులో చాలా వీడ్కోళ్ళు చూసింది. ఇంత ధైర్యంగా బయల్దేరినవాళ్ళను చూడలేదు.

"ఇవి అయిపోయాక ఏం చేస్తావే?"

"ఏం చేస్తాను? అమ్మ మళ్ళీ వెళ్ళేదాకా భయమేస్తుంది."

"ఆ భయమేసే రోజుల్లో చుట్టం వచ్చిందా ఎప్పుడైనా?"

మిరియం ఆలోచించింది. కనుబొమలు ముడిపడ్డాయి, విడిపోయాయి. "లేదు."

"మరి?"

"అదే రాకపోతే నేను వెళ్ళక్కర్లేదుగా."

"అదే నేను చెప్పేది. ఈ తీపి తింటేనే దానికి మనింటి దారి కనబడుతోంది. మానేస్తే అది రాదు. నువ్వు వెళ్ళక్కర్లేదు. ఒకవేళ వెళ్ళినా వచ్చేస్తావు, ఇది తినకపోయినా."

"నీకెలా తెలుసు?"

"తెలుసు."

"మరి అమ్మకి ఎందుకు పెడతావు?"

అమ్మమ్మ రుమాలు ముడి వేసింది, మళ్ళీ విప్పింది. పిల్ల లేచి కూర్చుంది. బేరానికి దిగిన మనిషిలా కాళ్ళు మడుచుకుంది.

"అమ్మకి పెడితే నాకూ పెట్టాలి. అమ్మకి మానేస్తే నేనూ మానేస్తా."

కూతురు వచ్చాక సంగతంతా విని, సంచి ముందు బాసిపట్టు వేసుకుని కూర్చుంది. బొమ్మ దువ్వెన చేతిలోకి తీసుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే కొంగు కళ్ళకు అద్దుకుంది.

"ఉద్యోగం మానేస్తానని రేపు చెప్పేద్దామనుకున్నానే, అమ్మా."

"చెప్పకు."

"మరి ఈసారి నన్ను ఉత్త నోటితో పంపగలవా?"

కంచంలో మిగిలిన వెన్న గీకుతున్న పిల్లను అమ్మమ్మ చూసింది. "పంపాలి," అంది. గట్టిగా కాదు.

కొలతలమ్మకు ఫోను చేసి చెబితే ఆవిడ అంతా రెండుసార్లు చెప్పించుకుంది. "డబ్బా ఇంట్లో ఉంచకండి," అంది చివరికి. "నెల కాదు, ఇంకా చూద్దాం." డబ్బాను అమ్మమ్మ తన చేత్తోనే కిందకు తీసుకెళ్ళి టైలరుకు ఇచ్చేసింది. "ఇన్నాళ్ళకు నేను కూడా ప్రయాణం కట్టానా, పిన్నిగారూ?" అన్నాడతను. ఆవిడ ముఖం చూసి మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టాడు.

తరువాతి డ్యూటీ రోజు వచ్చింది. అమ్మమ్మ సంచి సర్దింది. విప్పి మళ్ళీ సర్దింది. కూతురు బూట్లు కట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది. అలవాటు కొద్దీ అమ్మమ్మ చెయ్యి పై అరకు లేచింది. అక్కడ డబ్బా అంచు పడిన గుండ్రటి మరక తప్ప ఏమీ లేదు. బల్ల కింది నుంచి రెండు కళ్ళు ఆ చేతినే చూస్తున్నాయి. రెప్ప కూడా వెయ్యడం లేదు.

చెయ్యి దిగింది. కూతురి చొక్కా కాలరు సరిచేసింది. అక్కడ సరిచేయాల్సింది ఏమీ లేదు.

"వెళ్ళిరా," అంది.

"వస్తా," అంది కూతురు. మెట్లు దిగింది.

అమ్మమ్మ కిటికీ దగ్గరకు వెళ్ళలేదు. వెళితే కాళ్ళు ఆగవని తెలుసు. వంటింట్లోకి వెళ్ళి గుడ్డు పగలగొట్టి తెల్లసొన గిలకొట్టడం మొదలుపెట్టింది. నురుగు లేచింది, తెల్లగా, మెల్లగా. మిరియం పక్కన స్టూలు వేసుకుని నిలబడి తూకపు యంత్రంలో అంకె చదివి చెప్పింది.

మర్నాడు పొద్దున కాగితం కిటికీ వెలుతురుకు పట్టుకుంటే నిండు వంకాయరంగు. ఆ మర్నాడూ అదే. ఆ పై రోజు ఇంకా చిక్కగా ఉంది. వాన కురుస్తూనే ఉంది. నది ఎలా ఉందోనని అమ్మమ్మ ఎవరినీ అడగలేదు. వంగి తింటున్న పిల్ల నడినెత్తి మీద చెయ్యి పెట్టి, లోపల వెలుగుతున్న ఆ మంట వేడి చేతికి తగులుతుందేమోనని చూసింది. తగిలిందనే అనిపించింది.

చెప్పిన రోజుకు కూతురు తడిసిన బూట్లతో మెట్లెక్కి వచ్చింది. మిరియం ఎదురెళ్ళి నోరు తెరిపించి, టార్చి వేసి మరీ లోపల చూసింది. పటికబెల్లం ఆనవాలు లేదు. అయినా తల్లి తిరిగొచ్చింది. మిరియం తన బడిసంచి విప్పి గౌను తీసి బీరువాలో పెట్టేసింది.

కూతురు ఆ తరువాత ఎన్నోసార్లు వెళ్ళింది, ప్రతిసారీ తిరిగొచ్చింది. ఆ ఇంటికి మళ్ళీ రానిది చుట్టం ఒక్కటే. అది ఆఖరుసారి వచ్చి వెళ్ళింది మిరియానికి ఏడో ఏడు నడుస్తుండగా, వానలు మొదలైన వారం, గురువారం పొద్దున.